డిశ్చార్జి తర్వాత ఏమయ్యారు? ఎథిక్స్ కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ

రోగుల మీద చేసే పరిశోధనలను పరిశీలించి ఆమోదించే, తెలుగు రాష్ట్రాల్లోని బోధనాసుపత్రుల ఎథిక్స్ కమిటీల చైర్‌పర్సన్లకు, సభ్య కార్యదర్శులకు, నాలాగే వైద్యం చదవకుండా ఆ బల్ల దగ్గర కూర్చునే సామాన్య సభ్యులకు నమస్కారం.

నేను డాక్టర్ని కాను. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ప్రతి కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, వారిలో ఒకరు సామాన్యులై ఉండాలి. ఆ కుర్చీలో కొన్నేళ్లు కూర్చున్నాను. ఏ ఆసుపత్రో చెప్పను. గోప్యత పత్రం మీద సంతకం చేసిన మనిషిని, చెప్పకూడదు కూడా. పదవీకాలం ముగిసింది కాబట్టి మీటింగులో గొంతు దాకా వచ్చి ఆగిన మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం మా ముందుకు రెండు ప్రతిపాదనలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మొదటిది న్యూరోసర్జరీ వాళ్లది: తలలోకి ఇనుప చువ్వలు, కత్తులు, కొడవలి మొనలు, గుళ్లు దూసుకుపోయిన కేసుల మీద అధ్యయనం. రెండోది రక్తవ్యాధుల విభాగానిది: ఎముక మజ్జ ఎండిపోయే అప్లాస్టిక్ అనీమియాలో ఒక మందు మీద ట్రయల్. రెండింటికీ జత చేసిన అంగీకార పత్రం ఒక్కటే. పేజీలు అవే, పేరాలు అవే, పైన జబ్బు పేరు మాత్రం మార్చారు. మజ్జ జబ్బు పత్రంలో ఒకచోట 'తల గాయం' అన్న మాట చెరపడం మరిచిపోయారు. ఆ ఒక్క మాట దిద్దించి రెండూ ఆమోదించాం. టీ వచ్చింది.

పైకి చూస్తే ఈ రెండింటికీ ఏ పొంతనా లేదు. ఒకటి రెప్పపాటులో జరిగిపోయేది. రెండోది నెలల తరబడి నీరసంగా, పళ్లు తోముకుంటే చిగుళ్లలో రక్తంగా, చర్మం కింద ఎర్రటి చుక్కలుగా మెల్లగా బయటపడేది. అయినా ఒక విషయంలో రెండూ ఒకటే. రెండూ తమ అసలు లెక్క ఆలస్యంగా చెబుతాయి. మనం ఆమోదించే పరిశోధనలేమో ఆ లెక్క తేలకముందే దుకాణం కట్టేస్తున్నాయి. నా ఫిర్యాదంతా దీని మీదే.

తల గాయం సంగతి ముందు చూద్దాం. ఫినియాస్ గేజ్ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు, డాక్టర్లందరూ మొదటి సంవత్సరంలోనే విని ఉంటారు. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం కోసం బండలు పేలుస్తుండగా మూడడుగుల ఏడంగుళాల ఇనుప కడ్డీ ఎడమ చెంప కింద దూరి నడినెత్తి మీద నుంచి బయటికి పోయింది. మనిషి బతికాడు. కానీ ఆయనకు వైద్యం చేసిన డాక్టర్ జాన్ హార్లో రెండు వ్యాసాలు రాశాడన్న సంగతి పాఠంలో అంతగా చెప్పరు. ఆ సంవత్సరమే రాసిన మొదటి వ్యాసం, ఇంత ఘోరమైన గాయం తర్వాత మనిషి కోలుకున్నాడని చెబుతుంది. ఆయన స్వభావం ఎలా మారిపోయిందో చెప్పిన వ్యాసం వచ్చింది 1868లో. ఈ మధ్యలో గేజ్ చిలీ దాకా వెళ్లి గుర్రపు బళ్లు తోలాడు, తర్వాత ఫిట్స్ మొదలయ్యాయి, 1860లో ఆ ఫిట్స్‌తోనే చనిపోయాడు. ఇదంతా హార్లోకి తెలిసింది 1866లో, గేజ్ తల్లి ఆచూకీ పట్టుకుని ఉత్తరాలు రాశాక. వైద్యుడు అదే, రోగి అదే. మొదటి వ్యాసంతో ఊరుకుని ఉంటే అది 'విజయవంతమైన కేసు'గానే మిగిలిపోయేది.

మన దగ్గర ఆ మొదటి వ్యాసానికి ఇంకో పేరుంది: ప్రెస్ మీట్. 'మెదడులో దిగిన చువ్వ, అరుదైన శస్త్రచికిత్స' అని జిల్లా ఎడిషన్‌లో వార్త వస్తుంది. గుండు చేసిన తల, దాని మీద కుట్లు, చేతిలో పూలగుత్తి, పక్కన తెల్లకోట్లు. అంతకుముందు తీసిన ఎక్స్‌రే అప్పటికే వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టి వస్తుంది. ఆపరేషన్ చేసిన చేతులను నేను తక్కువ చేయడం లేదు. గుచ్చుకున్న వస్తువును కదపకుండా, పీకకుండా అలాగే తీసుకురమ్మని చెప్పగలిగిన 108 సిబ్బంది దగ్గర్నుంచి, సీటీ చూసి రక్తనాళం ఎక్కడుందో లెక్కగట్టి పుర్రె తెరిచిన సర్జన్ దాకా అందరూ దండం పెట్టదగినవాళ్లే. పది రోజుల తర్వాతి ఫొటో మనకుంది. పదేళ్ల తర్వాతి సంగతి మాత్రం ఎవరి దగ్గరా లేదు.

అది ఎందుకు ముఖ్యమో వియత్నాం యుద్ధం చెప్పింది. 1967 నుంచి 1970 దాకా అక్కడ తలకు గాయాలైన అమెరికా సైనికుల వివరాలను న్యూరాలజిస్టు విలియం కావెనెస్ పూనుకుని ఒక రిజిస్టరులోకి ఎక్కించాడు. యుద్ధభూమి ఆసుపత్రిలోనే డాక్టర్లు ఫారాలు నింపారు. ఎక్కువగా మెదడులోకి చొచ్చుకుపోయిన గాయాలే. పదిహేనేళ్ల తర్వాత వాళ్లను వెతికి పట్టుకున్నారు. పరీక్షించిన 421 మందిలో 53 శాతానికి ఫిట్స్ వచ్చాయి, వారిలో సగం మందికి అప్పటికీ వస్తూనే ఉన్నాయి. కొందరికి మొదటి ఫిట్ గాయమైన ఎన్నో ఏళ్లకు వచ్చింది. సైన్యంలో చేరేటప్పుడు రాసిన తెలివితేటల పరీక్ష మార్కులు కూడా దొరకడంతో, గాయానికి ముందు ఎలా ఉండేవాడు, తర్వాత ఎలా అయ్యాడు అన్న పోలిక సాధ్యమైంది. మెదడులో ముందుభాగం ఏం చేస్తుందో ఇవాళ మనం చెప్పుకునే చాలా సంగతులు ఆ పాత ఫారాల పుణ్యమే. యుద్ధంలో ఉన్న ఆసుపత్రికి ఫారం నింపడానికి తీరిక దొరికింది. మన క్యాజువాలిటీకి దొరకదని నేను నమ్మను.

ఇక్కడ జరిగేది వేరు. రోగి మేడ మీద సెంట్రింగ్ పని చేస్తూ జారి, కింద నిలబెట్టి ఉన్న కాలమ్ చువ్వల మీద పడి ఉంటాడు. కేసు ఎం.ఎల్.సి., అంటే పోలీసులకు తెలియజేయాల్సిన మెడికో లీగల్ కేసు, అవుతుంది. ఫైలు అటు పోలీసులకూ ఇటు రికార్డు రూముకూ మధ్య తిరుగుతుంది. డిశ్చార్జి సమ్మరీలో ఫిట్స్ రాకుండా ఫెనిటాయిన్ బిళ్లలు రాసి 'రెండు వారాల తర్వాత ఓపీకి రావాలి' అంటారు. ఆ బిళ్లలు ఎన్నాళ్లు వేసుకోవాలో అందులో ఉండదు. తీవ్రమైన తల గాయాల్లో మొదటి వారం వచ్చే ఫిట్స్‌ను ఫెనిటాయిన్ అడ్డుకుంటుంది గానీ ఆ తర్వాత వచ్చేవాటిని అడ్డుకోలేదని 1990లోనే ట్రయల్ చేసి తేల్చారు. ఆ మనిషేమో ఇచ్ఛాపురం దగ్గర తన ఊళ్లో మందులషాపు కుర్రాడు ఇచ్చినన్నాళ్లు వేసుకుంటాడు, డబ్బులు లేనప్పుడు మానేస్తాడు. ఏడాది తర్వాత ఇంట్లో వాళ్లను కొడుతున్నాడనో, పనిలో నిలవడం లేదనో ఊరివాళ్లు అనుకుంటారు. దాన్ని గాయంతో ముడిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

పరిశోధనేమో పీజీ థీసిస్. మూడేళ్ల కోర్సులో సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఆమోదానికి కొన్ని నెలలు, రాతకు కొన్ని నెలలు పోతే, రోగులను చూసే కాలం ఏడాదిన్నర. కుర్రాడు పాసై వెళ్లిపోతాడు, అతని ఫోనులో ఉన్న రోగుల నంబర్లూ అతనితోనే వెళ్లిపోతాయి. వచ్చే బ్యాచి మళ్లీ అదే అంశం మీద కొత్తగా మొదలుపెడుతుంది. తప్పు పిల్లలది కాదు. రిజిస్టరు విభాగానిది అయి ఉండాలి, విద్యార్థిది కాకూడదు. ఈ షరతు పెట్టే అధికారం మన కమిటీలకుంది. ఎవరూ పెట్టగా నేను చూడలేదు.

ఇప్పుడు సంతకాల సంగతి. తల గాయంలో గడియారం నడుస్తూ ఉంటుంది. 29 దేశాల్లో 12,737 మంది మీద జరిగిన క్రాష్-3 ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. స్వల్పం నుంచి మధ్యస్థం దాకా గాయమున్నవారికి రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 3 గంటల్లోపు, ఎంత తొందరగా పడితే అంత మేలు అని తేలింది. అలాంటి ట్రయల్లో పన్నెండు పేజీల పత్రం చదివి వినిపిస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. రోగికి స్పృహ లేదు. చట్టం అనుమతించే ప్రతినిధి సంతకం చేయవచ్చని నిబంధన. కానీ అర్ధరాత్రి స్ట్రెచర్ పక్కన నిలబడేది మేస్త్రీ. భార్య ఊళ్లో ఉంటుంది, ఆమె దగ్గర ఉన్నది కీప్యాడ్ ఫోను. మేస్త్రీ చేత వేలిముద్ర వేయించి 'సంబంధం' అన్న గడిలో 'బాబాయి' అని రాసిన కాగితం నేను చూశాను. ఇంకో గడిలో నిష్పాక్షిక సాక్షి సంతకం. చదువురాని వారి విషయంలో మాటలు సాగినంతసేపూ ఆ సాక్షి పక్కనే ఉండాలి. ఆ పత్రంలో సాక్షి ఆసుపత్రి సెక్యూరిటీ గార్డు. గేటు వదిలి ఎంతసేపు ఉన్నాడో ఆయనే చెప్పాలి.

ఇలా రాస్తున్నానని ట్రయల్స్ వద్దంటున్నానని అనుకోకండి. కావాలంటున్నాను. తలకు దెబ్బ తగిలితే స్టెరాయిడ్లు ఇవ్వడం కొన్ని దశాబ్దాల పాటు ఆనవాయితీ. వాపు తగ్గుతుంది కదా అన్నది పెద్ద డాక్టర్ల నమ్మకం. 10,008 మందిని రెండు గుంపులుగా చేసి చూస్తే, స్టెరాయిడ్ పడ్డవారిలో రెండు వారాల్లో 21.1 శాతం, పడనివారిలో 17.9 శాతం చనిపోయారు. 2004లో ఆ ఫలితం వచ్చేదాకా ఎంతమంది ప్రాణం పోయిందో ఎవరు లెక్కగట్టగలరు? మజ్జ జబ్బులోనూ ఇదే కథ. అప్లాస్టిక్ అనీమియాకి గుర్రం రక్తం నుంచి చేసిన ఏ.టి.జి. అనే, రోగనిరోధక శక్తిని అణిచే మందు వాడేవారు. కుందేలు నుంచి చేసింది ఇంకా గట్టిదని, కాబట్టి ఇంకా బాగా పనిచేస్తుందని చాలామంది అనుకున్నారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 120 మంది మీద పోల్చి చూశారు. ఆరు నెలలకు గుర్రం మందుతో 68 శాతం మందిలో రక్తం కోలుకుంది, కుందేలు మందుతో 37 శాతం మందిలోనే. 2011లో ఇది అచ్చయింది. అనుభవమున్న డాక్టరుగారి గట్టి నమ్మకం కూడా చీటీ తీసి పోల్చి చూసేదాకా నమ్మకమే. మీటింగులో ఒక పెద్దాయన 'ముప్పై ఏళ్లుగా ఇస్తున్నానమ్మా' అన్నప్పుడు నేను నీళ్లు నమిలాను గానీ, అక్కడ చెప్పాల్సిన జవాబు ఈ రెండు ట్రయల్సూ.

ఇక మజ్జ జబ్బు. ఇందులో తొందర లేదు. వారాల టైముంది. మరి అంగీకారం స్వేచ్ఛగా వస్తుందా అంటే, రాదు. అక్కడ మనిషిని తొందరపెట్టేది గడియారమైతే ఇక్కడ మూలకు నెట్టేది డబ్బు. ప్లేట్‌లెట్లు పదివేలలోపు పడిపోయిన పాతికేళ్ల కొడుకు కోసం తండ్రి బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. ఎస్.డి.పి., అంటే ఒకే దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్లు, కావాలంటారు, దాతను మీరే తెచ్చుకోవాలంటారు, దాత నరాలు సన్నగా ఉన్నాయని వెనక్కి పంపుతారు. ఊరి నుంచి ఆటోలో తెచ్చిన నలుగురిలో ఒకరు పనికొస్తారు. రెండు మూడు రోజులకు మళ్లీ మొదలు. ఏ.టి.జి. అయితే లక్షలు. అప్పుడు ఒకరొచ్చి 'ఈ స్టడీలో చేరితే మందు ఉచితం' అంటే ఆ తండ్రి ఏ పేజీ చదువుతాడు? ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాడు సంతకం.

ఇది మోసమని నేననను. ఉచితంగా మందు అందడం మంచిదే. కమిటీ అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆయన వద్దంటే ఏమవుతుంది? మామూలు వైద్యం ఆ ఆసుపత్రిలో ఏ పథకం కిందనైనా, అదే వార్డులో, అదే డాక్టరుగారి చేత అందుతుందా? అందదంటే ఆ పత్రంలో 'మీరు నిరాకరించినా మీ వైద్యానికి భంగం కలగదు' అన్న వాక్యం అబద్ధం. అబద్ధం మీద మనం ముద్ర వేస్తున్నాం. అలాగే ట్రయల్ ముగిశాక మందు పనిచేస్తున్న రోగికి దాన్ని ఎవరిస్తారు? 2019 నిబంధనల్లో ట్రయల్ తర్వాత కూడా మందు ఉచితంగా ఇచ్చే అవకాశం గురించి విడిగా ఒక నిబంధనే ఉంది. వేరే మందు లేనప్పుడు పరిశోధకుడు సిఫారసు చేసి కమిటీ ఒప్పుకుంటే అది వర్తిస్తుంది. ఎన్ని కమిటీలు దాన్ని గుర్తు చేసుకున్నాయి?

మజ్జ మార్పిడి అయితే ఇంకో మనిషి కూడా ఉంటుంది, మన పత్రాల్లో సరిగా కనిపించని మనిషి: దాత. తోబుట్టువు మజ్జ సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. సరిపోయింది చెల్లెలిది, ఆ పిల్లకి తొమ్మిదేళ్లు అనుకుందాం. అన్న తరఫునా, చెల్లెలి తరఫునా సంతకం చేసేది ఒకే తండ్రి. ఒక బిడ్డ ప్రాణం తక్కెడలో ఉన్నప్పుడు ఆయన రెండో బిడ్డ పక్షాన ఎలా మాట్లాడగలడు? ఏడేళ్లు దాటిన పిల్లల మాట కూడా అడగాలని 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) మార్గదర్శకాలు చెబుతున్నాయి. అడిగేది అన్నకు వైద్యం చేస్తున్న డాక్టరే అయితే ఆ పిల్ల ఏమంటుంది, తలాడిస్తుంది. దాతను చూసే డాక్టరు వేరే ఉండాలి. మత్తు ఇచ్చేటప్పుడు ఏం చేస్తారో, తర్వాత నడుము ఎన్నాళ్లు నొప్పి పెడుతుందో ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఆ డాక్టరుది కావాలి.

మజ్జ జబ్బు కూడా లెక్క ఆలస్యంగా చెబుతుందన్నాను కదా. ఏ.టి.జి. పనిచేసి, రక్తం కుదుటపడి, పెళ్లి కూడా అయిన మనిషికి ఏళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టవచ్చు. పదేళ్లలో వందకు 10 నుంచి 15 మందిలో మజ్జ కణాలు దారి తప్పి ఎం.డి.ఎస్. అనే మజ్జ జబ్బుగానో ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్‌గానో మారతాయి. ట్రయల్ మాత్రం ఆరో నెలలో రక్తపరీక్ష చూసి 'స్పందన ఉంది' అని రాసి ముగుస్తుంది. అదీ గేజ్ మీద రాసిన మొదటి వ్యాసమే.

మన గడ్డ మీద సంతకాల చరిత్ర మరిచిపోవద్దు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్.పి.వి. టీకా అధ్యయనం చేశారు. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఉతికి ఆరేసింది. వీడియో తీయడం దగ్గర్నుంచి ఇవాళ ఉన్న కట్టుబాట్లలో చాలావాటి వెనక ఆ కాలపు గొడవలున్నాయి. టీకా మంచిదే అయినా, సంతకం తప్పయితే జనం పరిశోధననే నమ్మడం మానేస్తారు. భద్రాచలం వైపు ఇప్పటికీ సూది అంటే అనుమానంగా చూసేవాళ్లుంటే తప్పు వాళ్లది కాదు.

కాబట్టి నేను కోరేవి చెబుతాను. అత్యవసర తల గాయాల పరిశోధనకు ఒక పేజీకి మించని పత్రం, చదివి వినిపించడానికి రెండు మూడు నిమిషాలు. అప్పటికి దొరికిన మనిషి ఎవరో నిజం రాయండి; మేస్త్రీ అయితే మేస్త్రీ అనే. అలా సొంతవాళ్లు దొరకని వేళ ఏం చేయాలో ఆమోదించే రోజే కమిటీ తేల్చి రాయాలి, అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు నెత్తిన వదిలేయకూడదు. భార్యో తల్లో వచ్చాక మళ్లీ మాట్లాడాలి, రోగికి తెలివి వచ్చాక మళ్లీ ఒకసారి. వద్దంటే అక్కడితో ఆపాలి. ఫొటోలకూ ప్రెస్ మీట్‌కూ అంగీకారం విడిగా, అదీ మనిషి కోలుకుని ఇంటికి వెళ్లాకే. మజ్జ జబ్బులో దీనికి పూర్తిగా తిరగేయండి: మొదటి రోజు సంతకమే వద్దు. పత్రం ఇంటికిచ్చి పంపండి. రెండోసారి వచ్చినప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని నర్సో సోషల్ వర్కరో కూర్చుని, చేరకపోతే దొరికే వైద్యమేమిటో, దానికి ఎంతవుతుందో చెప్పాలి.

రెండింటికీ ఉమ్మడిగా కోరేది ఫాలో అప్. 'ఆ తర్వాత సంవత్సరాల్లో ఈ రోగులను ఎవరు కనుక్కుంటారు, ఎలా, ఎవరి జీతం మీద' అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేని ప్రతిపాదనను వెనక్కి పంపండి. పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. విభాగంలో ఒక రిజిస్టరు, ఒక గుమస్తా, ఆసుపత్రి పేరు మీద ఒక ఫోను నంబరు. రోగి నంబరుతో పాటు ఊళ్లో మారకుండా ఉండే ఇంకొకరి నంబరు, రోగి ఒప్పుకుంటేనే. ఆశా కార్యకర్త అయితే మరీ మంచిది. ఏడాదికోసారి ఫోను చేసి తల గాయం మనిషిని అడగాల్సినవి కొన్నే: ఫిట్స్ వచ్చాయా, పనికి వెళ్తున్నారా, ఇంట్లో వాళ్లేమంటున్నారు. మజ్జ జబ్బు మనిషికి రక్తకణాల లెక్క చూసే ఒక సి.బి.పి. పరీక్ష చాలు, దగ్గర్లోని పీహెచ్‌సీలో చేయించవచ్చు.

ఫలితం వచ్చాక ఆ కుటుంబాలకు ఒక పేజీ తెలుగులో పంపించండి. జర్నల్లో వచ్చిన వ్యాసం మా కమిటీకి ఫైలులో పెట్టేవారు. అందులో 'పాల్గొన్నవారికి కృతజ్ఞతలు' అని ఒక వాక్యం ఉండేది, ఇంగ్లీషులో. ఆ వాక్యం ఎవరికోసమో వారికి చేరిందని చూపే రసీదు లేకుండా ఫైలు మూయడానికి ఒప్పుకోకండి. వచ్చే మీటింగు ఎజెండాలో ఈ అంశం చేర్చి, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కారణం మినిట్స్‌లో రాయమని మనవి.

ఇట్లు,
ఒక మాజీ సామాన్య సభ్యురాలు